పాత రాష్ట్రం టాక్స్ ఇంకా ఎందుకు కట్ అవుతోంది?

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియా నుంచి జూలైలో టెక్సాస్ మారిందండి, అదే కంపెనీ, కానీ రెండు నెలలు కాలిఫోర్నియా టాక్సే కోసేశారట. ఆ డబ్బు పోయినట్టేనా? మాకిక్కడ ఏటీ అర్థం కావట్లేదు.
- ఒక తండ్రి, విజయనగరం

జవాబు: పోదండీ, కంగారు పడకండి. మనకి ఇన్‌కమ్ టాక్స్ అంటే కేంద్రానికే, రాష్ట్రం తీసుకునేది ప్రొఫెషన్ టాక్స్, అదీ ఏడాదికి 2,500 దాటదు, అందుకే ఈ గోల మనకి కొత్తగా ఉంటాది. అక్కడ ఫెడరల్ రిటర్న్ (అంటే కేంద్రానిది) ఒకటి, రాష్ట్రానిది వేరే. టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్రం టాక్సే లేదు కాబట్టి అక్కడ ఫైల్ చేసేదేం లేదు. కాలిఫోర్నియాకి మాత్రం పార్ట్ ఇయర్ రెసిడెంట్‌గా (ఏడాదిలో కొంతకాలమే అక్కడున్నవాళ్లుగా) 540ఎన్‌ఆర్ ఫారం వెయ్యాలి, అందులో మారకముందు సంపాదన మీద టాక్స్ వాళ్లది, టెక్సాస్‌లో కూర్చుని పనిచేసిన జీతం మీద టాక్స్ వాళ్లది కాదు, ఎక్కువ కోసింది రిఫండ్‌గా వస్తుంది.

అసలు తలనొప్పి డబ్ల్యూ-2 దగ్గరే, అంటే ఏడాది జీతం, కోసిన టాక్స్ చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం. రాష్ట్రం జీతం చూపించే 16వ బాక్సులో కాలిఫోర్నియా జీతం ఎక్కువ పడితే పేరోల్ (జీతాలు చూసే) వాళ్లని అడిగి డబ్ల్యూ-2సి, అంటే సరిదిద్దిన డబ్ల్యూ-2, తెప్పించుకోమనండి, ముందు కంపెనీలో అడ్రస్ మార్పించమనండి, చాలామంది అదే మర్చిపోతారు, పాత టాక్స్ కట్ అయ్యేది ఎక్కువగా అందుకే! కంపెనీ షేర్లు ఉంటే జాగ్రత్త, టెక్సాస్ వెళ్లాక చేతికొచ్చినా సరే కాలిఫోర్నియాలో పనిచేసిన రోజుల వాటా వాళ్లు అడుగుతారు. టెక్సాస్ మారినట్టు రుజువుగా అద్దె అగ్రిమెంటు, కొత్త లైసెన్సు దాచుకోమనండి. రిటర్న్ వెయ్యడానికి గడువు మామూలుగా మరుసటి ఏడాది ఏప్రిల్ 15.