యూరోపియం మెరుస్తుందా, వెలుగుతుందా?

సందేహం: యూరోపియం అనే లోహం గురించి ఒక రసాయనశాస్త్ర వ్యాసంలో ఇలా రాశాను: “యూరోపియం నైట్రేట్‌ను, ట్రైమెసిక్ ఆమ్లాన్ని డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావణి), ఇథనాల్, నీళ్ల మిశ్రమంలో 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉడికించి, వచ్చిన స్ఫటికాలను ఆరబెడితే కర్బనలోహ చట్రం (లోహ అయాన్లను కర్బన అణువులు కలిపి కట్టిన జాలకం, ఎంఓఎఫ్) సిద్ధం. యూరోపియం అతినీలలోహిత కాంతిని పీల్చుకొని, ప్రతిదీప్తితో ఎర్రగా మెరుస్తుంది.” మాటలు సరిగానే పడ్డాయా?

సమాధానం: ముందు ‘మెరుస్తుంది’ తీసేయండి. తోమిన ఇత్తడి చెంబు మెరుస్తుంది, మీద పడ్డ వెలుగునే అది తిప్పికొడుతుంది. ఇక్కడ పడేది కంటికి కనబడని కాంతి, వెలువడేది 615 నానోమీటర్ల దగ్గరి ఎరుపు. కనుక ‘వెలుగుతుంది’.

అసలు చిక్కు ‘పీల్చుకొని’ దగ్గర ఉంది. ‘పీల్చుకొని’ లాంటి క్త్వార్థకానికీ సమాపక క్రియకూ కర్త ఒకటే ఉండాలి. మీ వాక్యం వ్యాకరణానికి నిలుస్తుంది గానీ, రసాయనానికి నిలవదు. యూరోపియం అయానులో ఎఫ్ ఎలక్ట్రాన్ల మార్పిళ్లకు సౌష్ఠవ నియమం అడ్డు. అందుకే అది నేరుగా పీల్చుకునే కాంతి చాలా స్వల్పం. పీల్చుకునేది బంధకంలోని, అంటే లోహ అయాన్లను కలిపి పట్టే ట్రైమెసిక్ ఆమ్లంలోని, బెంజీన్ వలయం. అది తన ట్రిప్లెట్ స్థితి (రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకే దిశలో ఉండే ఉత్తేజిత స్థితి) ద్వారా ఆ శక్తిని లోహానికి చేరవేస్తుంది. ‘బంధకం కాంతిని పీల్చుకొని శక్తిని యూరోపియానికి అందిస్తే, యూరోపియం వెలుగుతుంది’ అని రాయండి. ‘అందిస్తే’ అనే చేదర్థకంతో కర్తలిద్దరూ ఎవరి పనిలో వాళ్లుంటారు.

‘ప్రతిదీప్తి’ (ఫ్లోరెసెన్స్) కూడా నప్పదు. అందులో ఎలక్ట్రాన్ల స్పిన్ మారకూడదు. యూరోపియం ఎరుపులో మారుతుంది, పైగా ఆ వెలుగు మిల్లీసెకన్ల దాకా నిలుస్తుంది. అలాగని స్ఫురదీప్తి (ఫాస్ఫరెసెన్స్) అనీ తేల్చలేం, ఇంత బరువైన పరమాణువులో స్పిన్ లెక్క శుద్ధంగా నిలవదు. రెండింటినీ కలుపుకొనే ‘సందీప్తి’ (లూమినెసెన్స్) క్షేమం.

‘కర్బనలోహ’ అంటే లోహానికీ కర్బనానికీ నేరుగా బంధమున్న సమ్మేళనాలు గుర్తొస్తాయి. ఇక్కడ లోహాన్ని పట్టుకునేది ఆమ్లపు కార్బాక్సిలేట్ సమూహంలోని ఆక్సిజన్. మధ్యలో గీత పెట్టి ‘లోహ–కర్బన చట్రం’ అనండి, ద్వంద్వమని తెలుస్తుంది.

‘ఉడికించి’ బదులు ‘మూత బిగించిన పాత్రలో వేడిచేసి’ అనాలి. మూత వదులైతే ద్రావణి ఆవిరై పాళ్లు మారిపోతాయి.

‘ఆరబెడితే’ కూడా చాలదు. ఆరబెడితే పైతడి పోతుంది, లోహానికి అంటిపెట్టుకున్న నీటి అణువులు పోవు. వాటి ఓ–హెచ్ బంధాల కంపనాలు యూరోపియం శక్తిని లాగేసుకుంటాయి, వెలుగు తగ్గుతుంది. ఆకుపచ్చగా వెలిగే టెర్బియానికి ఈ నష్టం తక్కువ. ఆ నీటిని కూడా తొలగించి ఉంటే ‘నిర్వాతంలో వేడిచేస్తే’ అని, ఎన్ని డిగ్రీల దగ్గరో, ఎన్ని గంటలో కలిపి రాయండి. తొలగించకపోతే ‘ఆరబెడితే’ను అలాగే ఉంచి, బంధంలో నీరు మిగిలే ఉందని తర్వాతి వాక్యంలో చెప్పండి.