బీర పందిరి మీద నున్నటి కాయలు: తెగులు కాదు, విత్తనం

ప్రశ్న: హొసకోటె దగ్గర అర ఎకరంలో పందిరి మీద బీర వేశాను. విత్తి 55 రోజులైంది. మూడో వంతు కాయలకు ఈనెలు లేవు, నున్నగా వస్తున్నాయి. కలాసిపాళ్యం మండీలో వాటిని ఏరి పక్కన పడేస్తున్నారు. మందుల షాపు ఆయన వైరస్, బోరాన్ లోపం రెండూ ఉన్నాయన్నాడు. బోరాన్ మూడుసార్లు, గంధకం రెండుసార్లు కొట్టించాడు. ఇప్పుడు ఆకుల అంచులు మాడుతున్నాయి. పక్క తోటలో నేతి బీర ఉంది, దాని పుప్పొడి పడి నా కాయలు మారాయేమో. ఏ మందు వాడాలి?
– ఒక రైతు, బెంగళూరు గ్రామీణ జిల్లా

జవాబు: ఏ మందూ వద్దు. విత్తనంలోనే రెండు రకాల గింజలు కలిసి వచ్చాయి, మీ పందిరి మీద రెండు పంటలున్నాయి, అంతే. మీరు పంపిన ఫొటోల్లో నున్నటి కాయలు నేతి బీర, ఇక్కడ తుప్పద హీరెకాయి అంటారే, అదే. వైరస్ అయితే ఆకు ముడుచుకుంటుంది, పచ్చగా పసుపుగా మచ్చలు పడుతుంది, కాయ వంకర పోతుంది. ఇంత చక్కగా, ఒకే తీరుగా నున్నటి కాయ రాదు.

పక్కాయనతో గొడవ పెట్టుకోకండి. ఆయన తోట పుప్పొడి వల్ల ఈ ఏడాది మీ కాయ రూపం మారదు. మారితే ఆ కాయలోని విత్తనం మారుతుంది, అది వచ్చే పంటలో బయటపడుతుంది. పందిరి మీద తీగలు అల్లుకుపోతాయి కాబట్టి ఒకే తీగకు రెండు రకాలు కాసినట్టు కనిపిస్తుంది. నున్నటి కాయ పట్టుకుని తీగ వెంట మొదలు దాకా వెళ్లండి, వేరే పాదు అని తేలుతుంది.

ఆకు చూసి తేల్చడం కష్టం. పువ్వు చూడండి. బీర పువ్వు లేత పసుపు, సాయంత్రం 5 దాటాక విచ్చి పొద్దున్నకి వాడుతుంది. నేతి బీర పువ్వు ముదురు పసుపు, తెల్లవారుజామున విచ్చుతుంది. ఉదయం 9 గంటలకు వెళ్లి తాజాగా విచ్చి ఉన్న పూలు ఏ పాదువో చూసి మొదట్లో ఎర్ర గుడ్డ పేలిక కట్టండి. ఇంకా అనుమానం ఉంటే మగ పువ్వు చిదిమి చూడండి: కేసరాలు బీరకు 3, నేతి బీరకు సాధారణంగా 5. విత్తనంలోనూ తెలుస్తుంది. బీర గింజ గరుకుగా, గుంటలు గుంటలుగా ఉంటుంది. నేతి బీర గింజ నున్నగా, చుట్టూ సన్నటి అంచుతో ఉంటుంది. విత్తే ముందు గుప్పెడు గింజలు తెల్ల కాగితం మీద పోసి చూసుంటే ఈ టెన్షన్ ఉండేది కాదు.

పేలిక కట్టిన పాదులు పీకనక్కర్లేదు. కాయలు వేరుగా కోసి వేరే గంపలో పంపండి, తుప్పద హీరెకాయి అని చెప్పి అమ్మండి. బజ్జీకి, పచ్చడికి బెంగళూరులో కొనేవాళ్లున్నారు. గోరు గుచ్చితే సులువుగా దిగే దశలోనే కోయాలి, ఆలస్యమైతే లోపల పీచు కడుతుంది. ఒక్క జాగ్రత్త. కలగలుపు విత్తనంలో చేదు బీర కూడా ఉండొచ్చు. ఒక్కో పాదు నుంచి ఒక కాయ కోసి చిన్న ముక్క నాలుకకు తగిలించి ఉమ్మేయండి. చేదుంటే ఆ పాదు పీకేయండి, ఆ కాయ తినకండి, అమ్మకండి. వండినా ఆ చేదు పోదు, వాంతులు, విరేచనాలు అవుతాయి.

ఇక ఆకుల అంచులు. అది మీరు డబ్బిచ్చి కొనుక్కున్న జబ్బు. తీగజాతి కూరగాయల మీద గంధకం కొట్టకూడదు, ఆకు మాడుతుంది. బోరాన్ ఇచ్చే బోరాక్స్ అయినా లీటరు నీటికి 3–4 గ్రాములు, అదీ 2–4 ఆకుల దశలో, ఆడపూలు పెరగడానికి. కాయలు దిగే పంటకు మూడుసార్లు ఎందుకు? షాపు సలహాలో సైన్సు నేతి బీరలో నెయ్యి ఉన్నంతే. మాడిన ఆకులకు మందు లేదు. పిచికారీ పూర్తిగా ఆపి తడి సమంగా ఇవ్వండి, కొత్త ఆకు బాగానే వస్తుంది.

ఇంకో మాట. ‘మందు సాయంత్రం కొట్టు’ అని అందరూ చెబుతారు, నేనూ వేరే పంటలకు చెబుతాను. బీరకు అది సరిపడదు, పూలు విచ్చేది, పురుగులు పుప్పొడి మోసేది అప్పుడే. పొద్దున కొడితే మీ నేతి బీర మీది తేనెటీగలు పోతాయి. ఈ తోటలో ఏ వేళా మంచిది కాదు. పండు ఈగ కనిపిస్తే క్యూల్యూర్ ఎరలు (మగ ఈగల్ని వాసనతో లాగి పట్టేవి) మీ అర ఎకరానికి 5 పెట్టండి, పుచ్చిన కాయలు రోజూ ఏరి లోతుగా పూడ్చండి.

ఈ తోట నుంచి విత్తనం దాచుకోకండి. ఈ రెండు జాతులూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. వచ్చే సీజనుకు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ రకాలు అర్కా సుమీత్, అర్కా సుజాత్ చూడండి. గింజలు విడిగా తూచి ఇచ్చారా, సీలు ప్యాకెట్టా అన్నది మీరు రాయలేదు. ప్యాకెట్ అయితే దాని మీది లాట్ నంబరు, బిల్లు తీసుకుని ఈ కాయలు వాడిపోకముందే తాలూకా ఉద్యాన శాఖ ఆఫీసుకు వెళ్లండి, తోట చూడమని అడగండి. బిల్లు లేకపోతే అక్కడా ఎవరూ ఏమీ చేయలేరు.