పాఠకుల ప్రశ్నలు: రసాయనాలను పసిగట్టే కాంతి తీగలు

ఆప్టికల్ ఫైబర్ సెన్సర్ల గురించి ఈ నెల అయిదు ఉత్తరాలు వచ్చాయి. అడిగినవారి అవసరాలు వేరయినా, ‘తక్కువ ఖర్చుతో’ అన్న మాట అన్నిటిలోనూ ఉంది కనుక వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫైబరూ, రసాయనాలను గుర్తించే ఫైబరూ ఒకటేనా? లోపల వెలుగు మాత్రమే నడిచే తీగకు బయట ఉన్న ద్రవం సంగతి ఎలా తెలుస్తుంది?
— పాలిటెక్నిక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: రెండూ పనిచేసే సూత్రం ఒకటే, కానీ వాటి తయారీలో ఉద్దేశాలు ఒకదానికొకటి విరుద్ధమైనవి. ఫైబర్‌లో కోర్ అనే లోపలి భాగమూ, దాని చుట్టూ అంతకంటే తక్కువ వక్రీభవన గుణకం (పదార్థం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) ఉన్న క్లాడింగ్ అనే పొరా ఉంటాయి. కోర్‌లో ఏటవాలుగా పోయే కాంతి ఆ సరిహద్దును తాకి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతుందని, అంటే బయటికి పోకుండా పూర్తిగా లోపలికే మళ్లుతుందని, మీరు చదువుకునే ఉంటారు. అయితే ఆ కాంతి సరిగ్గా సరిహద్దు గీత మీదనే మళ్లిపోదు. దాని విద్యుదయస్కాంత క్షేత్రం అవతలి వైపుకు కొన్ని వందల నానోమీటర్ల లోతు వరకు చొచ్చుకొని పోయి, అంతలోనే క్షీణిస్తుంది. దీనినే ఇవానెసెంట్ తరంగం అంటారు. క్లాడింగ్‌ను తీసివేసి, ఆ స్థానంలో పరీక్షించవలసిన ద్రవాన్ని ఉంచితే ఆ తరంగం నేరుగా ద్రవంలోకే చేరుతుంది. ద్రవం ఆ రంగు కాంతిని శోషించేదైతే ప్రతి పరావర్తనంలోనూ కొంత వెలుగు తరిగిపోతుంది. శోషించని ద్రవమైనా, దాని వక్రీభవన గుణకాన్ని బట్టి సందిగ్ధ కోణం (కాంతి బయటికి పోకుండా లోపలికే మళ్లడం మొదలయ్యే కోణం) మారుతుంది కనుక కొన్ని కిరణాలు బయటికి జారిపోతాయి. మూడవ మార్గం, రసాయనం తగిలినప్పుడు రంగు మారే పూతను ఫైబర్‌కు పూయడం. అప్పుడు గుర్తించే పని పూతది. ఫైబర్ ఆ రంగును చూసి వచ్చే కన్ను మాత్రమే.

మీ ఇంటి కేబుల్‌లోని గాజు తీగ మందం 125 మైక్రోమీటర్లు, అందులో కాంతి నడిచే కోర్ సుమారు 9 మైక్రోమీటర్లు. బయటి ప్రపంచం సోకకూడదనే కోర్ చుట్టూ అంత మందపాటి క్లాడింగ్ పెడతారు కాబట్టి, ఆ తీగను ఉన్నదున్నట్టు ఏ ద్రవంలో ముంచినా దానికి ఏమీ తెలియదు. పైగా దానిలో నడిచేది కంటికి కనిపించని పరారుణ కాంతి. దానికి తగిన లేజర్లూ డిటెక్టర్లూ ఖరీదైనవి, తొమ్మిది మైక్రోమీటర్ల కోర్‌కు కాంతిని సూటిగా అమర్చడం చేతితో అయ్యే పని కాదు.

తక్కువ ఖర్చు సెన్సర్లకు వాడేది ఒక మిల్లీమీటరు మందం ఉన్న ప్లాస్టిక్ ఫైబర్. మంచి గాజు ఫైబర్‌లో కిలోమీటరుకు 0.2 డెసిబెల్ కాంతి నష్టమైతే, ఈ ప్లాస్టిక్‌లో ఎర్రని కాంతికి 150 డెసిబెల్ దాకా నష్టముంటుంది. దూరప్రాంతపు టెలిఫోనుకు అది బొత్తిగా పనికిరాదు. కానీ మనకు కావలసింది రెండు మీటర్లే. అంత దూరంలో పోయేది నూటికి ఏడు వంతుల వెలుగు మాత్రమే. ఎర్రని ఎల్‌ఈడీ, వెలుగును విద్యుత్తుగా మార్చే మామూలు సిలికాన్ ఫోటోడయోడ్ సరిపోతాయి. చౌకదనం అంతా ఇక్కడినుంచే వస్తుంది.

ప్రశ్న: మా డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఇటువంటి సెన్సర్‌ను విద్యార్థులతో చేయించాలని ప్రయత్నించాము. క్లాడింగ్ గీకిన ప్లాస్టిక్ ఫైబర్‌ను నీటిలోనూ, చక్కెర ద్రావణంలోనూ ముంచితే మల్టీమీటరులో తేడా కనిపించలేదు. పొరపాటు ఎక్కడ జరిగింది?
— అధ్యాపకురాలు, నంద్యాల

జవాబు: మీ విద్యార్థుల చేతిపనిలో లోపం లేదని నా నమ్మకం. ఫైబర్‌ను వంచకుండా తిన్నగా ఉంచడమే కారణమై ఉంటుంది. ప్లాస్టిక్ కోర్ వక్రీభవన గుణకం 1.49, క్లాడింగ్‌ది సుమారు 1.40. అంటే మీరు గీకిన చోటికి చేరకముందే, లంబంతో దాదాపు 70 డిగ్రీల కంటే తక్కువ కోణం చేసే కిరణాలన్నీ జారిపోయి, అంతకంటే వాలుగా పోయేవి మాత్రమే మిగిలి ఉంటాయి. నీటి గుణకం 1.333, ప్లాస్టిక్‌కూ నీటికీ మధ్య సందిగ్ధ కోణం 63 డిగ్రీలు చిల్లర. మిగిలిన కిరణాలన్నీ ఆ పరిమితికి లోబడే ఉన్నాయి కనుక ఒక్కటీ బయటికి పోదు. చక్కెర 10 శాతం ఉంటే గుణకం 1.348, 30 శాతానికి 1.381, 40 శాతానికి 1.400. అంతవరకు ఫైబర్‌కు నీటికీ పానకానికీ తేడా తెలియదు.

దీనికి పరిష్కారం ఫైబర్‌ను వంచడం. వంపు దగ్గర కిరణాలు గోడను తాకే కోణం మారిపోయి, అంతవరకు భద్రంగా ఉన్న కిరణాలు సందిగ్ధ కోణం అంచుకు వస్తాయి. బయటి ద్రవం గుణకం కొద్దిగా పెరిగినా అవి తప్పించుకొంటాయి. ‘యు’ ఆకారపు సెన్సర్ల వెనుక ఉన్న కిటుకు ఇదే. మన దేశంలో ఢిల్లీ, బొంబాయి, మద్రాసు ఐఐటీలలో ఈ రకం మీద ఎంతో కాలంగా పని జరిగింది. ఫైబర్‌ను పెన్సిలంత లావు కడ్డీ చుట్టూ తిప్పి, వేడిగాలితో మెల్లగా మెత్తబరచి, చల్లారేదాకా కదలకుండా పట్టుకోవాలి. క్లాడింగ్ మందం మిల్లీమీటరులో వందో వంతు మాత్రమే కనుక సన్నని ఎమెరీ కాగితంతో వంపు వెలుపలి అంచును తేలికగా రుద్దితే చాలు. అసిటోన్ జోలికి మాత్రం పోవద్దు. అది కోర్‌ను కూడా కరిగించి పగుళ్లు తెప్పిస్తుంది.

ఇక అసలు మాట. తేడా కనిపించడం మొదలైన తర్వాతే మీ కష్టాలు మొదలవుతాయి, ఎందుకంటే ఫోటోడయోడ్‌కు తెలిసేది వెలుగు తగ్గిందన్న ఒక్క సంగతే, ఎందుకు తగ్గిందో దానికి తెలియదు. ఎల్‌ఈడీ వేడెక్కినా, తీగ కదిలినా, గదిలో ఎవరైనా కిటికీ తెరచినా, ద్రావణం చల్లబడినా అంకె మారుతుంది. అదే ఎల్‌ఈడీకి రెండవ ఫైబర్‌ను కూడా అతికించి, దానిని ద్రావణం తగలకుండా నేరుగా మరొక ఫోటోడయోడ్‌కు చేర్చి, రెండు వోల్టేజీల నిష్పత్తిని నమోదు చేయించండి. ఎల్‌ఈడీని ఇరవై నిమిషాలు వెలిగించి ఉంచిన తర్వాతనే కొలతలు ప్రారంభించాలి, ప్రతి కొలత పక్కన ద్రావణం ఉష్ణోగ్రత రాయాలి. ఈ రెండవ ఫైబర్ ఖర్చు మిగిలిన పరికరంతో పోలిస్తే లెక్కలోకి రాదు, కానీ బొమ్మను పరికరంగా మార్చేది అదే.

ఈ జాగ్రత్త కొత్తదేమీ కాదు. 1980లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు పీటర్సన్ బృందం రక్తం పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే అంకె) కొలవడానికి ప్లాస్టిక్ ఫైబర్‌తో సెన్సర్ చేసినప్పుడు, ఫినాల్ రెడ్ అనే రంగు పదార్థాన్ని సన్నని గుళికలకు అంటించి ఫైబర్ కొనన ఉంచారు. పీహెచ్‌తో పాటు మారే ఆకుపచ్చ కాంతినీ, మారని ఎర్ర కాంతినీ పక్కపక్కనే కొలిచి, రెండింటి నిష్పత్తితో 0.01 పీహెచ్ వరకు తేడా చెప్పగలిగారు.

ప్రశ్న: నూనెలో కల్తీని ఇటువంటి సెన్సర్‌తో ఇంట్లోనే కనిపెట్టవచ్చా?
— గృహిణి, విజయవాడ

జవాబు: ఒకే నూనె రెండు సీసాల మధ్య తేడా ఉన్నదా అన్నది చూడవచ్చు. కల్తీ అని తీర్పు చెప్పకూడదు. ఆహార ప్రమాణాల ప్రకారం వేరుశనగ నూనె వక్రీభవన గుణకం 40 డిగ్రీల సెల్సియస్ వద్ద 1.4620 నుంచి 1.4640 మధ్య ఉండాలి. ఆ అంచుల మధ్య ఎడం 0.002 మాత్రమే. నూనె ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గుణకం సుమారు 0.0004 తగ్గుతుంది కనుక, అయిదు డిగ్రీల తేడా ఉంటే చాలు, స్వచ్ఛమైన నూనె కూడా ఒక అంచు నుంచి రెండో అంచుకు జరిగిపోయినట్టు కనిపిస్తుంది. వంటింట్లో ఉదయానికీ మధ్యాహ్నానికీ అంత తేడా మామూలే. గుణకం సరిపోయేట్టు రెండు నూనెలు కలిపిన కల్తీని ఈ కొలత అసలే పట్టుకోలేదు. ఒక దుకాణదారుని పేరు చెడగొట్టగల మాటను ఒక్క అంకె ఆధారంగా అనడం న్యాయం కాదు. అనుమానం ఉంటే నమూనాను ఆహార పరీక్షా ప్రయోగశాలకు పంపండి.

ప్రశ్న: మాది ఫ్లోరైడ్ పీడిత గ్రామం. బోరు నీటిలో ముంచగానే ఫ్లోరైడ్ ఎంతో చెప్పే ఫైబర్ సెన్సర్ చౌకగా వస్తుందని విన్నాము. నమ్మవచ్చా?
— ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ఏ పూతా లేని ఫైబర్‌ను ముంచి ఫ్లోరైడ్ చెబుతామంటే నమ్మకండి. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడ్ అయాన్‌కు రంగు లేదు. అంత స్వల్ప పరిమాణంలో అది నీటి వక్రీభవన గుణకంలో తెచ్చే మార్పు, నీరు ఒక డిగ్రీలో ఎంతో చిన్న భాగం మాత్రమే వేడెక్కినప్పుడు వచ్చే మార్పుకు సమానం. అదే నీటిలో అంతకు వందల రెట్లు ఇతర లవణాలు ఉంటాయి.

రంగు మారే రసాయనంతో మాత్రం దారి ఉంది. జిర్కోనియంతో కలిసిన కొన్ని రంగు పదార్థాల నుంచి ఫ్లోరైడ్ ఆ జిర్కోనియాన్ని లాక్కుంటుంది, దానితో రంగు వెలిసిపోతుంది. ప్రయోగశాలలు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న స్పాడ్న్స్ (SPADNS) అనే రంగు పదార్థపు పద్ధతి ఇదే. ఆ వెలిసిన రంగును 570 నానోమీటర్ల కాంతితో కొలుస్తారు. ఆ కాంతిని పరీక్ష గొట్టంలోకి తీసుకుపోయి తిరిగి తెచ్చే పనిని చౌక ఫైబర్ చక్కగా చేస్తుంది. అయితే అల్యూమినియం, ఫాస్ఫేట్, నీటి క్షారత ఈ రంగును తారుమారు చేయగలవు. పైగా ఆ రంగు ద్రావణాన్ని ప్రతి పరీక్షకూ కొత్తగా పోసుకోవాలి కాబట్టి, ఎవరైనా పరికరం అమ్మజూపితే ఫైబర్ ధర కంటే ముందు ఒక్కో పరీక్షకు అయ్యే రసాయనం ధర అడగండి. తర్వాత మీ ఊరి నీటినే రెండు సీసాల్లో పట్టి, ఒకటి ప్రయోగశాలకు పంపి, రెండవది ఆ పరికరంతో చూపించమనండి. పిల్లల పళ్లకూ ఎముకలకూ సంబంధించిన అంకె అది. పోల్చి చూడకుండా ఒప్పుకోవద్దు.

ప్రశ్న: రొయ్యల చెరువులో కరిగిన ఆక్సిజన్ కొలిచే ఆప్టికల్ మీటరు కొన్నాను. పాత ఎలక్ట్రోడ్ మీటరు కంటే ధర ఎక్కువైంది. వెలుగుకు అంత ఖరీదు ఎందుకు? దీనిని ఎంతవరకు నమ్మవచ్చు?
— ఆక్వా రైతు, భీమవరం

జవాబు: ఈ ఉత్తరాలన్నిటిలో అడిగిన పనులలో, కాంతి సెన్సర్ నిజంగా స్థిరపడినది మీరు అడిగిన పనిలోనే. మీ మీటరు కొనన ఉన్న క్యాప్‌లో ఒక రంగు పూత ఉంటుంది. దానిమీద నీలి కాంతి గాని ఆకుపచ్చ కాంతి గాని పడితే అది ఎర్రగా మెరుస్తుంది. ఆక్సిజన్ అణువులు ఆ పూతలోని అణువులను ఢీకొని వాటి శక్తిని తీసుకుపోతాయి కనుక, ఆక్సిజన్ ఎక్కువైతే మెరుపు తగ్గడమే కాకుండా తొందరగా ఆరిపోతుంది కూడా. జర్మన్ శాస్త్రవేత్త కౌట్స్కీ 1930లలోనే ఆక్సిజన్ ఇలా మెరుపును అణచే తీరును వివరించారు. మంచి మీటర్లు మెరుపు ఎంత ఉందో చూడవు. అది ఎన్ని మైక్రోసెకన్లలో ఆరుతుందో కొలుస్తాయి. అందువల్ల ఎల్‌ఈడీ పాతబడినా, పూత కొంత అరిగినా అంకె అంతగా చెడదు. మీరు ఇచ్చిన అదనపు ధర ఆ మైక్రోసెకన్లను లెక్కించే ఎలక్ట్రానిక్స్‌కూ, నీటిలో నెలల తరబడి నిలిచే పూతకూ చెల్లింది. ఎలక్ట్రోడ్ తాను కొలిచే ఆక్సిజన్‌ను తానే కొంత వాడుకుంటుంది కనుక నీరు కదులుతూ ఉండాలి. దీనికి ఆ అవసరం లేదు.

రెండు విషయాలలో మాత్రం మీ జాగ్రత్త కావాలి. క్యాప్ మీద నాచు పట్టితే, ఆ నాచు రాత్రివేళ అక్కడి ఆక్సిజన్‌ను పీల్చుకొని చెరువు అంతటా తక్కువగా ఉన్నట్టు చూపిస్తుంది. మెత్తని గుడ్డతో తరచుగా తుడవండి, గీకవద్దు. రెండవది ఉప్పదనం. సెన్సర్‌కు తెలిసేది నీటిలో ఆక్సిజన్ పాక్షిక పీడనం (ఆ ఒక్క వాయువు వల్ల కలిగే ఒత్తిడి) మాత్రమే. దానిని లీటరుకు మిల్లీగ్రాములుగా మార్చేది మీటరులోని లెక్క. 30 డిగ్రీల మంచినీటిలో గాలి నుంచి కరగగలిగిన ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు, అదే నీటిలో ఉప్పు వెయ్యికి పదిహేను వంతులు ఉంటే నూటికి దాదాపు ఎనిమిది వంతులు తక్కువ కరుగుతుంది. మీటరులో ఉప్పదనాన్ని సున్నాగా వదిలేస్తే తెల్లవారుజామున, సరిగ్గా ఆక్సిజన్ అడుగంటే వేళలో, అది మీకు ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల దగ్గర, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలా వద్దా అని ఆలోచించే రైతుకు ఆ తేడా చిన్నది కాదు. ఈ రాత్రే మీటరు సెట్టింగులు తెరచి, మీ చెరువు ఉప్పదనం అంకె అందులో ఉన్నదో లేదో చూడండి. వానలు పడి నీరు పలచబడినప్పుడల్లా ఆ అంకెను మార్చండి.