మా పాపకు కెజియా అని పేరు పెట్టాలనుకుంటున్నాం. అర్థం మంచిదేనా?

పెట్టండి. నా పేరే కెజియా. నలభై ఏళ్లుగా ఆ పేరుతోనే ఉన్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. "నోరు తిరగదు, అర్థం కూడా ఏమీ లేదు" అని మీ అత్తగారు అంటున్నారని రాశారు. నోరు తిరగకపోవడం నాలుగు రోజులే. అర్థమంటారా, అది మీ వంటింటి పోపుల డబ్బాలోనే ఉంది.

నేను ఏడో తరగతిలో ఉండగా కొత్తగా వచ్చిన టీచరు హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగి, "ఇదేం పేరమ్మా, దీనికి అర్థం ఉందా?" అన్నారు. క్లాసంతా నవ్వారు. పద్మకు అర్థం ఉంది, లక్ష్మికి ఉంది, నాకే లేదు. ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చాను. డిసెంబరు నెల, మా నాయనమ్మ క్రిస్మస్ పలావుకి మసాలా దినుసులు వేయిస్తోంది. గరిటె ఆపకుండానే అంతా వింది. మూకుడు దించి, డబ్బాలోంచి ఒక చెక్క తీసి పుటుక్కున విరిచి నా ముక్కు దగ్గర పెట్టింది. "ఇదే నీ పేరు, వాసన చూడు" అంది. పైన గరుగ్గా, లోపల నున్నగా, ఎర్రమట్టి రంగులో ఉంది. విరిచిన చోట ఘాటుకి ముక్కు చురుక్కుమంది. "రేపు బడికి పట్టుకుపో, ఎవరన్నా అడిగితే చూపించు" అంది. ఆ ఏడాదంతా అది నా జామెట్రీ బాక్సులోనే ఉంది. నోటు పుస్తకాలన్నీ పలావు వాసనే.

నాయనమ్మ చెప్పింది నిజమే. ఇది బైబిల్లోని పేరు. హీబ్రూలో ఆ మాట కెత్సీయా, అంటే దాల్చినచెక్క లాంటి సుగంధపు బెరడు. ఒలవడం, గీకడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందంటారు, బెరడు ఒలిచి తీసేదే కదా. గ్రీకులోకి కాసియాగా వెళ్లింది, ఇంగ్లీషు కేసియా కూడా అదే. 45వ కీర్తనలో రాజు వస్త్రాల పరిమళం చెప్పే చోట, మన తెలుగు బైబిల్లో గోపరసం, అగరు పక్కన లవంగిపట్ట అని ఉంటుంది. హీబ్రూలో అక్కడున్నది ఈ మాటే. మనం కిరాణా కొట్లో దాల్చినచెక్క అని కొనే మందపాటి చెక్క కూడా చాలావరకు కేసియానే. సిలోన్ దాల్చినచెక్క వేరు, అది పల్చగా, పొరలు పొరలుగా చుట్టుకుని ఉంటుంది.

ఈ పేర్ల సైట్లను మాత్రం దయచేసి నమ్మకండి. ఒకచోట కెజియా పక్కన రేలపూల బొమ్మ పెట్టారు. రేల చెట్టు శాస్త్రీయ నామంలో కూడా కేసియా ఉంది కాబట్టి రెండూ ఒకటే అనుకున్నారు. ఇంకోచోట అదృష్ట సంఖ్య, అదృష్ట రంగు! అసలు సంగతి ఎవరూ రాయరు, అదే నాకు బాధ.

అసలు సంగతి యోబు గ్రంథం 42వ అధ్యాయంలో ఉంది. అన్నీ పోగొట్టుకున్న యోబుకు చివర్లో మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు పుట్టారు. కొడుకుల పేర్లు ఒక్కటీ రాయలేదు. కూతుళ్లవి మూడూ రాశారు: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. యెమీమా అంటే పావురమని ఎక్కువమంది చెబుతారు. కెరెంహప్పుకు అంటే కాటుక దాచుకునే కొమ్ము, మన మాటలో కాటుక భరిణె. ఆ దేశంలో వాళ్లంత అందగత్తెలు లేరని చెప్పి, అదే వచనంలో తండ్రి వాళ్లకు అన్నదమ్ములతో పాటు స్వాస్థ్యం, అంటే ఆస్తిలో వాటా, ఇచ్చాడని ఉంది. మోషే ధర్మశాస్త్రం ప్రకారం కొడుకులు లేకపోతేనే కూతుళ్లకు ఆస్తి. యోబు ఏడుగురు కొడుకులు ఉండగానే ఇచ్చాడు! మన ప్రసంగాల్లో అందం దాకా చెప్పి, ఆస్తి దగ్గరికి వచ్చేసరికి ఆపేస్తారు.

వీలునామా లేకపోతే కొడుకుకీ కూతురికీ సమాన వాటా అని మన క్రైస్తవులకు వర్తించే 1925 నాటి వారసత్వ చట్టమే చెబుతోంది. అయినా "కట్నం ఇచ్చాం కదా" అంటూ ఆడపిల్లల చేత వాటా వదులుకున్నట్టు సంతకాలు పెట్టించుకుంటున్నారు. మా చుట్టాల్లోనే రెండిళ్లలో చూశాను. ఆ రెండిళ్లలోనూ కుటుంబ ప్రార్థన రోజూ జరుగుతుంది.

మా నాన్నకు ఉన్నది మూడెకరాలు. అన్నయ్యకు, నాకు, చెల్లి యెమీమాకు తలా ఒక ఎకరం రాశారు. నా పేరు స్కూలు సర్టిఫికెట్లో కేజియా, ఆధార్‌లో కీజియా, దిద్దించుకోవడానికి ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. పాసు పుస్తకం పని మీద వెళ్లిన రోజు నాన్న కూర్చోమన్నా కూర్చోలేదు. కంప్యూటర్ పక్కనే నిలబడి, "క కి ఎత్వం బాబూ, ఏత్వం కాదు" అని రెండుసార్లు చెప్పి, స్క్రీన్ మీద సరిగ్గా పడిందని చూసుకున్నాకే కదిలారు.

మీ పాప జనన ధ్రువపత్రం రాయించే రోజు మీరూ అలా పక్కనే నిలబడండి.