క్లే టార్గెట్ షూటింగ్‌కు వేడిని తట్టుకునే గ్లవ్స్ ఎంచుకోవడం ఎలా?

క్లే టార్గెట్ షూటింగ్‌లో, అంటే గాల్లోకి విసిరే పళ్లెంలాంటి లక్ష్యాలను తుపాకీతో కొట్టే ఆటలో, వెంటవెంటనే కాల్చేటప్పుడు చేయి కాలకుండా ఉండాలంటే ఎంత మందమైన గ్లవ్స్ కావాలన్నది ప్రశ్న. నా దృష్టిలో మందం కన్నా ముందు చూడవలసింది, వేడి ఎక్కడ తగులుతోందన్నది. ఈ ఆటలో ఒక రకమైన ట్రాప్‌లో ఒక రౌండుకు 25 లక్ష్యాలుంటాయి. ఒలింపిక్ ట్రాప్‌లోనైతే ఒక్కో లక్ష్యంపై రెండుసార్లు కాల్చవచ్చు కాబట్టి బ్యారెల్ త్వరగా వేడెక్కుతుంది. తుపాకీని మోసే చేతి వేళ్ల కొసలు చెక్క పట్టును దాటి లోహాన్ని తాకే చోటే చురుక్కుమంటుంది. అందువల్ల ఆ చేతికే రక్షణ ఎక్కువ కావాలి.

ట్రిగ్గర్ చేతికి పలుచని మేకతోలు గ్లవ్ చాలు, లేదా ఏదీ లేకున్నా ఫరవాలేదు. గ్లవ్ వేలు మందంగా ఉంటే ట్రిగ్గర్‌ను తెలియకుండానే నొక్కేయవచ్చు. ఈ ప్రమాదాన్ని ఎవరూ తేలికగా తీసుకోకూడదు.

మోసే చేతికి మేకతోలు లేదా జింకతోలు మంచిది. అరచేతివైపు అరమిడ్ (వేడిని తట్టుకునే కృత్రిమ పోగు) నూలు అస్తరు ఉంటే ఇంకా మేలు, ఎందుకంటే నైలాన్, పాలియెస్టర్‌ల మాదిరిగా అరమిడ్ వేడికి కరగదు. లేబుల్‌పై ఈఎన్ 407 (వేడి నుంచి కాపాడే గ్లవ్స్‌కు యూరోపియన్ ప్రమాణం) ఉంటే అందులోని స్పర్శ ఉష్ణ స్థాయిని చూడండి: ఒకటో స్థాయి అంటే 100 డిగ్రీల సెల్సియస్ ఉపరితలాన్ని కనీసం 15 సెకన్లు తట్టుకోవడం. అంతకన్నా పై స్థాయి గ్లవ్స్ సాధారణంగా మరింత మందంగా ఉండి పట్టును మొద్దుబారుస్తాయి.

కొనేముందు గ్లవ్ తొడుక్కుని జేబులోంచి ఒక్క కార్ట్రిడ్జ్‌ను (తూటాను) తీసి చూడండి. వేలికొసన కుట్టు అడ్డొచ్చి అది జారిపోతే ఆ జత మీకు పనికిరాదు. చెమటకు తడిసిన తోలు వేడిని త్వరగా చేతికి చేరవేస్తుంది కనుక రెండో జత దగ్గర ఉంచుకోండి.