టెక్ సందేహాలు: రూపాయికి బియ్యం బస్తా

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక పాఠకుడు రాశారు: "మా మేనమామ గారి హోల్‌సేల్ కిరాణా దుకాణానికి ఆర్డర్లు తీసుకునే యాప్ చేశానండీ. పార్వతీపురం వైపు చిల్లర వర్తకులు కూడా ఇందులోనే సరుకు చెబుతారు. సర్వర్‌కు వచ్చే ప్రతి అభ్యర్థననూ జేసన్ స్కీమాతో సరిచూస్తున్నాను. అయినా మొన్న 26 కిలోల బియ్యం బస్తాకు 1 రూపాయి ధరతో ఆర్డర్ వచ్చింది. పైగా మా ఊరి చిరునామాలే యాప్ ఒప్పుకోవడం లేదు. తప్పు లైబ్రరీదేనా?" స్కీమా, సర్వర్ కోడ్ జతచేశారు. (జేసన్ అంటే యాప్, సర్వర్ మధ్య సమాచారాన్ని పేరున్న గడులుగా రాసే పద్ధతి. ఏ గడిలో ఏం ఉండాలో చెప్పే నియమాల పట్టీ జేసన్ స్కీమా. ఆ నియమాలతో సరిచూసే రెడీమేడ్ కోడే ఇక్కడ లైబ్రరీ.)

లైబ్రరీ పాపం ఏమీ ఎరగదు. మీరు చూడమన్నదే చూసింది. ఇలాంటి ఉత్తరాలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం మానేశాను, అందుకే ఈసారి వివరంగా చెబుతున్నాను.

"ధర సంఖ్య అయి ఉండాలి, 0కు తగ్గకూడదు" అని రాశారు. 1 సంఖ్యే, 0కు తగ్గలేదు. బస్తా అసలు ధర స్కీమాకు ఎలా తెలుస్తుంది? అది మీ డేటాబేస్‌లో ఉంది. మీరు చేసింది, కొనేవాడి చేతికి ఖాళీ చీటీ ఇచ్చి ధర నువ్వే వేసుకో అనడం. తెర మీద ఆ గడిని మార్చడానికి వీల్లేదంటారా? మీ తెరతో పనిలేకుండా నేరుగా సర్వర్‌కు అభ్యర్థన పంపడానికి ఒక్క కమాండ్ చాలు. సరుకు కోడ్, ఎన్ని బస్తాలు అన్నవే తీసుకోండి. ధర సర్వర్ వేసుకుంటుంది.

అయితే స్కీమాలోంచి ధరను తీసేసి హాయిగా నిద్రపోకండి. నన్ను భయపెట్టేది ఇక్కడే ఉంది. మీరు పేర్కొనని గడులు వస్తే జేసన్ స్కీమా వాటిని మామూలుగా అడ్డుకోదు, రానిస్తుంది. మీ కోడ్ చివర, వచ్చినదంతా ఉన్నపళంగా డేటాబేస్‌లోకి తోసే వరుస ఒకటుంది. దాన్ని చూసి నాకు గుండె జారింది. ఎవరైనా ఆర్డర్‌తో పాటు "చెల్లింపు పూర్తయింది" అన్న గడి కూడా చేర్చి పంపితే అదీ వెళ్లి పట్టికలో కూర్చుంటుంది. ఖాతా వివరాలు మార్చే చోట ఇదే పని చేస్తే చిల్లర వర్తకుడు నిర్వాహకుడైపోతాడు. దీన్ని మాస్ అసైన్‌మెంట్ అంటారు. సాఫ్ట్‌వేర్ భద్రత చూసే ఓవాస్ప్ సంస్థ 2019లో ప్రకటించిన ఏపీఐ (యాప్‌లు సర్వర్‌తో మాట్లాడే దారి) ముప్పుల జాబితాలో ఇది ఆరోది. 2023 జాబితాలో మూడో ముప్పులో కలిసింది.

అందుకని స్కీమాలో అడిషనల్‌ప్రాపర్టీస్‌ను (పేర్కొనని గడులను రానివ్వాలా అని చెప్పే నియమం) ఫాల్స్ చేయండి, అంటే వద్దనండి. మీరు ఆల్ఆఫ్‌తో రెండు స్కీమాలను కలిపారు కనుక ఇది ఒక్కటే చాలదు: అది తన పక్కనున్న గడులనే చూస్తుంది, అవతలి స్కీమాలోవి అక్రమమనుకుని సరైన ఆర్డర్లను కూడా తిప్పి పంపుతుంది. దీనికోసమే జేసన్ స్కీమా 2019-09 ముసాయిదాలో అన్‌ఎవాల్యుయేటెడ్‌ప్రాపర్టీస్ వచ్చింది, అది కలిపిన స్కీమాలన్నిటినీ చూశాకే మిగిలిన గడులను ఆపుతుంది. తనిఖీకి జేసన్ స్కీమా బదులు పైడాంటిక్, జాడ్ అనే లైబ్రరీలు వాడేవారికి మామూలుగా అదనపు గడులు చప్పుడు లేకుండా రాలిపోతాయి. అది కొంత నయమే కానీ నాకు నచ్చదు. ఎదుటి ప్రోగ్రామర్ ఐచ్ఛికమైన గడి పేరును తప్పుగా రాసినా ఎవరికీ తెలియదు. తిప్పి పంపితే ఆ పూటే దిద్దుకుంటాడు.

ఇంకొకటి. ఒకే జేసన్‌లో ఒకే పేరుతో రెండు గడులుంటే ఒక పార్సర్ (జేసన్ పాఠాన్ని చదివి గడులుగా విడదీసే కోడ్) మొదటిది తీసుకోవచ్చు, ఇంకొకటి చివరిది తీసుకోవచ్చు. 2017లో ఒక పేరున్న డేటాబేస్‌లో బయటపడిన లోపం సరిగ్గా ఇదే. తనిఖీ చేసే పార్సర్ ఒక విలువ చూసింది, అనుమతులిచ్చే పార్సర్ రెండోది చూసింది. మామూలు వినియోగదారు నిర్వాహక హక్కులు తెచ్చుకోగలిగాడు. కాబట్టి తనిఖీలో నెగ్గిన వస్తువునే లోపలికి పంపండి. ముడి పాఠాన్ని తెచ్చి మళ్లీ పార్స్ చేయకండి.

స్కీమాలో గడులను వర్ణించే ప్రాపర్టీస్‌లో రాసినంత మాత్రాన ఏ గడీ తప్పనిసరి కాదు, రిక్వైర్డ్‌లో కూడా రాయాలి. టైప్ ఆబ్జెక్ట్ (గడుల సముదాయం) అని చెప్పకపోతే ఒట్టి అంకె పంపినా మీ స్కీమా దాటుతుంది. పంపి చూశాను, దాటింది.

ఇక చిరునామా. మీ పిన్‌కోడ్ నియమం ఇది: మొదటి అంకె 5, రెండోది 0 నుంచి 3 వరకు, తర్వాత నాలుగు అంకెలు. పార్వతీపురం 535501 దాటింది, మీ సొంత ఊరు 765001 ఆగిపోయింది. ఎక్కడో హైదరాబాద్ కోడ్‌లోంచి ఎత్తుకొచ్చినట్టున్నారు. రాత ఇక్కడే మొదలవ్వాలి, ఇక్కడే ముగియాలి అని చెప్పే గుర్తులు (^, $) కూడా పెట్టలేదు. జేసన్ స్కీమాలో ప్యాటర్న్ (రాత ఎలా ఉండాలో చెప్పే నమూనా) ఎక్కడ సరిపోయినా చాలు కనుక పిన్‌కోడ్ గడిలో "దుకాణం 535501 పక్కన" అని రాసినా నెగ్గుతుంది.

నిజానికి మీ మీద కోపం తక్కువే. నేను ఒడిశాలోని బరంపురంలో ఉంటాను. యాప్‌లో తెలుగు ఎంచుకోగానే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని దానంతటదే పడి, 760001 కొడితే ఎర్రగీత వస్తుంది. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైంది. పర్లాకిమిడిలో, జయపురంలో, మా వీధిలో ఇళ్లలో తెలుగు అలాగే ఉంది. భాషను బట్టి రాష్ట్రాన్ని ఊహించే ఈ తెలివి ఎవరిదో కానీ, ఒడియా ఎంచుకుంటే తప్ప నా ఇంటికి సరుకు రాదు. పేర్ల సంగతి మరీ ఘోరం. "అక్షరాలు మాత్రమే" అని యూనికోడ్ (అన్ని భాషల లిపులకు కంప్యూటర్ సంకేతాలిచ్చే ప్రమాణం) వర్గం పెడతారు. మన గుణింతపు గుర్తులు, పొల్లు అక్షరాల వర్గంలో ఉండవు, మార్క్ అనే వేరే వర్గంలో ఉంటాయి. రమ దాటుతుంది, రమేశ్ ఆగిపోతాడు. రెండు వర్గాలనూ అనుమతించండి. పేరులో చుక్కకు, ఖాళీకి కూడా చోటివ్వండి, మనకు ఇంటిపేరు పొడి అక్షరాల్లోనే ఉంటుంది.

మహారాష్ట్రలోని సిరొంచ నుంచి మరొకరు: "బ్యాంకు ఖాతా సంఖ్యల్లో చివరి అంకె మారిపోతోంది. స్కీమా తప్పు పట్టడం లేదు."

స్కీమాలో ఇంటీజర్ (పూర్ణసంఖ్య) అన్నారు కదా. జావాస్క్రిప్ట్ 9007199254740991 దాటాక పూర్ణసంఖ్యలన్నిటినీ కచ్చితంగా పట్టుకోలేదు. 9007199254740993 పంపితే స్కీమా దగ్గరికి చేరేసరికే చివర 2 అవుతుంది, అదీ ఇంటీజరే. ముందున్న సున్నాలు ఎలాగూ నిలవవు. స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) మార్చి, అంకెలు మాత్రమే అన్న ప్యాటర్న్ పెట్టండి. పాత పట్టికలో ఇప్పటికే చెడిపోయిన సంఖ్యలను లెక్కకట్టి వెనక్కి తేలేరు, పాస్‌బుక్కులు తెప్పించుకోవలసిందే.