నీతిశాస్త్రం చదివితే ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బి.ఏ. ఆఖరి సంవత్సరం. నీతిశాస్త్రం ప్రొఫెసరు అవుతానంటోంది. దారేమిటి, ఎన్నేళ్లు పడుతుంది?
– ఒక తల్లి, బ్రాడీపేట

జవాబు: దారి ఉందండీ, కాకపోతే పొడుగు. నీతిశాస్త్రం ఫిలాసఫీలో (తత్వశాస్త్రంలో) ఒక భాగం. ఎం.ఏ. ఫిలాసఫీకి విశాఖలో ఆంధ్ర, తిరుపతిలో వేంకటేశ్వర యూనివర్సిటీలున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకైతే సీయూఈటీ-పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఎం.ఏ.లో 55 శాతం (రిజర్వేషన్ ఉంటే 50) రాకపోతే నెట్‌కు (అసిస్టెంట్ ప్రొఫెసరు ఉద్యోగానికి జాతీయ అర్హత పరీక్షకు) అర్హతే ఉండదు.

నెట్ 3 గంటల పరీక్ష. 150 ప్రశ్నలు, 300 మార్కులు. మైనస్ మార్కులు లేవు, ఒక్కటీ ఖాళీగా వదలొద్దు. ఫిలాసఫీ పేపరు ఇంగ్లిష్, హిందీల్లోనే ఇస్తారు కాబట్టి తెలుగు మీడియం పిల్లలు ఎం.ఏ. మొదటి రోజు నుంచే ఇంగ్లిష్ పుస్తకాలు పట్టుకోవాలి. సిలబస్ 10 యూనిట్లు, అందులో నీతిశాస్త్రానివి ముఖ్యంగా రెండే. ఇష్టమని ఆ రెండే చదివినవాళ్లు తర్కం దగ్గర బోల్తా పడతారు. తర్కం కంఠస్థం పెట్టేది కాదు, లెక్కల్లా రోజూ చెయ్యాల్సిందే. మూడు వాక్యాలకు ట్రూత్ టేబుల్ (ఏ వాక్యం నిజమైతే, ఏది అబద్ధమైతే ఏమవుతుందో చూపే పట్టిక) 8 వరుసలు, నాలుగైతే 16. చేతికి అలవాటు లేకపోతే హాల్లో టైమంతా అక్కడే పోతుంది.

నెట్‌తో పాటు జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) కూడా వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠం 6. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసరు మూల వేతనం 57,700. పీహెచ్‌డీతో చేరితే, ప్రమోషన్లన్నీ వేళకు పడినా, ప్రొఫెసరు అవడానికి ఇంకో 15 ఏళ్లు.

మీ జిల్లా సంగం జాగర్లమూడిలో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి గారు ఆంధ్ర యూనివర్సిటీలో ఫిలాసఫీ చెప్పి యూజీసీ ఉపాధ్యక్షులయ్యారు. ఇప్పుడు ఫిలాసఫీ పోస్టులు తక్కువ, దాపరికం ఎందుకు! ఇంజినీరింగ్ కాలేజీల్లో మానవ విలువల కోర్సు, సివిల్స్‌లో 250 మార్కుల ఎథిక్స్ (నీతిశాస్త్రం) పేపరుకు కోచింగ్ కూడా లెక్కలో ఉంచుకోమనండి.

ప్రశ్న: నీతులు చెప్పడానికి ప్రొఫెసరు దేనికి? శతకాలు చాలవా?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: క్లాసులో నీతులు చెప్పరండీ, నీతిని ప్రశ్నిస్తారు. భారతంలో కర్ణపర్వంలో కౌశికుడి కథ ఉంది. దొంగలకు భయపడి జనం దాక్కుంటే, సత్యవ్రతం పట్టిన కౌశికుడు వాళ్లెటు పోయారో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. దొంగలు అందర్నీ చంపారు, కౌశికుడు నరకానికి పోయాడు. 1797లో జర్మన్ తత్వవేత్త కాంట్ దీనికి అడ్డంగా వాదించాడు: తలుపు తట్టినవాడు హంతకుడైనా సరే, అబద్ధం ఆడకూడదని. ప్రొఫెసరు ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి, ఏది తప్పో కారణంతో రాయమంటాడు. ‘సందర్భాన్ని బట్టి ఉంటుంది’ అని రాసి ఊరుకుంటే మార్కులు రావు. సందర్భంలో ఏది మారితే జవాబు మారుతుందో చెప్పాలి: అడిగినవాడి ఉద్దేశమా, మౌనంగా ఉండే వీలుందా, ముందు ఇచ్చిన మాటా?